ఫార్ములా వస్తే లెక్క వచ్చినట్టేనా?



"ఫార్ములా వచ్చా?" మన చదువుల్లో అన్నిటికంటే ఎక్కువగా వినపడే ప్రశ్న ఇదే. స్టడీ అవర్లో పక్కన కూర్చున్న అమ్మాయి అడిగేది ఇదే, పరీక్ష హాలు బయట చివరి నిమిషంలో అడిగేదీ ఇదే. వచ్చంటే ధైర్యం, రాదంటే భయం. ఫార్ములా రావడం మంచిదే, కాదనను. కానీ ఫార్ములా వచ్చినంత మాత్రాన లెక్క వచ్చినట్టు కాదు. ఆ లెక్కను కంప్యూటర్ చేత చేయించాల్సి వచ్చినప్పుడు ఈ తేడా ఇంకా స్పష్టంగా బయటపడుతుంది. దీనికి ఉదాహరణగా ఒక చిన్న విషయం తీసుకుంటాను. విలోమ అతిపరావలయ ప్రమేయాలను సి భాషలో లెక్కించడం ఎలా? పేరు చూసి పేజీ తిప్పేయకండి. ఇందులో వాడే గణితమంతా మీరు తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ లోపు చదివిందే.

నేను ఇంటర్ చదివినప్పుడు గణితం 1ఎ పుస్తకంలో ఇది ఒక చిన్న అధ్యాయం. సైన్ హెచ్, కాస్ హెచ్, టాన్ హెచ్ అని మూడు ముఖ్యమైన ప్రమేయాలు, వాటి విలోమాలు. "విలోమ టాన్ హెచ్ 1/2 విలువ సగం లాగ్ 3 అని చూపండి" అనేది అందరికీ తెలిసిన రెండు మార్కుల ప్రశ్న. మూడు లైన్లు రాస్తే రెండు మార్కులు చేతిలో పడ్డట్టే. తర్వాత ఎంసెట్‌కి ఒక బిట్టు. అంతటితో ఆ అధ్యాయం రుణం తీరిపోయేది. ఇవి ఎందుకు పుట్టాయి, ఎక్కడ వాడతారు అని మేం అడగలేదు, మాకు ఎవరూ చెప్పనూ లేదు.

18వ శతాబ్దంలో ఇటలీకి చెందిన రికాటి, ఆ తర్వాత లాంబర్ట్ ఈ ప్రమేయాలను అభివృద్ధి చేశారు. వృత్తానికి సైన్, కాస్ ఎలాగో అతిపరావలయానికి ఇవి అలాగ. విలోమాలు ఈ రోజు కూడా మన చుట్టూ ఉన్నాయి. ఫోన్లో మ్యాప్ తెరిస్తే గుండ్రటి భూమిని బల్లపరుపు తెర మీద పరచి చూపిస్తుంది కదా. అది 1569లో మెర్కేటర్ వేసిన పటం పద్ధతే. ఒక ఊరిని భూమధ్యరేఖకు ఎంత పైన పెట్టాలో తెలియాలంటే ఆ ఊరి అక్షాంశానికి టాన్ విలువ కట్టి, దానికి విలోమ సైన్ హెచ్ తీయాలి. స్టాటిస్టిక్స్ చదివే వాళ్ళకు ఫిషర్ జెడ్ పరివర్తన తెలిసే ఉంటుంది. సహసంబంధ గుణకానికి విలోమ టాన్ హెచ్ తీయడమే అది. గుణకం 0.5 అయితే జెడ్ 0.5493 వస్తుంది. మన రెండు మార్కుల ప్రశ్నలోని సగం లాగ్ 3 అంటే ఇదే సంఖ్య!

ఇక సి భాష సంగతి. 1989లో వచ్చిన సి ప్రమాణంలో సైన్ హెచ్, కాస్ హెచ్, టాన్ హెచ్ మూడూ ఉన్నాయి గానీ వాటి విలోమాలు లేవు. అవి 1999 ప్రమాణంలో, అంటే సి99లో, మ్యాథ్ డాట్ హెచ్‌లోకి వచ్చాయి. వాటి పేర్లు ఏసైన్‌హెచ్, ఏకాస్‌హెచ్, ఏటాన్‌హెచ్. ప్రమాణంలోకి వచ్చినంత మాత్రాన అందరికీ వెంటనే అందలేదు. మైక్రోసాఫ్ట్ వారి విజువల్ సి లోకి ఇవి 2013 వెర్షన్‌తో గానీ రాలేదు. 1990ల నాటి టర్బో సి లో ఇప్పటికీ ప్రాక్టికల్స్ చేసే వాళ్ళకు ఇవి కనపడనే కనపడవు. కాబట్టి "విలోమ సైన్ హెచ్ కనుక్కోవడానికి ప్రోగ్రాం రాయండి" అంటే మన దగ్గర ఉన్నది పుస్తకంలోని సూత్రమే:

ఏసైన్‌హెచ్(ఎక్స్) = లాగ్(ఎక్స్ + √(ఎక్స్² + 1))

ఏకాస్‌హెచ్(ఎక్స్) = లాగ్(ఎక్స్ + √(ఎక్స్² − 1)). ఇక్కడ ఎక్స్ 1 గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి.

ఏటాన్‌హెచ్(ఎక్స్) = సగం లాగ్((1 + ఎక్స్) ÷ (1 − ఎక్స్)). ఇక్కడ ఎక్స్ −1కీ 1కీ మధ్య ఉండాలి.

లాగ్ అంటే ఇక్కడ సహజ సంవర్గమానం. సి లో కూడా లాగ్ అని రాస్తే అదే వస్తుంది. మొదటి సూత్రాన్ని ఒక్క లైనులో ప్రోగ్రాంగా రాసేయవచ్చు. 2 ఇస్తే 1.4436 వస్తుంది. క్యాలిక్యులేటర్‌తో సరిపోతుంది. రికార్డులో అవుట్‌పుట్ రాసి సంతకం పెట్టించుకోవచ్చు. అయిపోయింది అనుకుంటాం. అసలు కథ అక్కడే మొదలవుతుంది.

నేటి 64 బిట్ కంప్యూటర్లో, జీసీసీ కంపైలర్‌తో, డబుల్ రకం సంఖ్యలతో అదే ప్రోగ్రాంకి వేరే విలువలు ఇచ్చి చూద్దాం.

ముందుగా మైనస్ పది కోట్లు. అసలు జవాబు −19.1138. మన ప్రోగ్రాం మాత్రం మైనస్ ఇన్ఫినిటీ అంటుంది. ఎందుకు? డబుల్ సంఖ్యలో సుమారు 16 అంకెలకే చోటు. పూర్ణాంకాలన్నీ వరుసగా, తేడా లేకుండా పట్టేది 2 ఘాతం 53 వరకే, అంటే 9,00,71,99,25,47,40,992 వరకు. పది కోట్ల వర్గం అంతకంటే పెద్దది. దానికి 1 కలిపితే ఆ 1 మాయమైపోతుంది. వర్గమూలం తీస్తే సరిగ్గా పది కోట్లు వస్తుంది. మైనస్ పది కోట్లకు పది కోట్లు కలిపితే సున్నా. సున్నాకి లాగ్ తీయమంటే అది ఇంకేం చెబుతుంది?

రెండోది, మైనస్ కోటి. ఇక్కడ ఇన్ఫినిటీ రాదు. చక్కగా −16.8054 అని వస్తుంది. అసలు జవాబు −16.8112. దీన్ని మొదటిదానికంటే ప్రమాదకరం అంటాను. ఇన్ఫినిటీ వస్తే ఎక్కడో తప్పుందని ఎవరికైనా తెలుస్తుంది. ఇది మాత్రం మంచి బట్టలు కట్టుకుని వచ్చిన అబద్ధం లాంటిది. రెండు దాదాపు సమానమైన సంఖ్యలను తీసివేసినప్పుడు ముందున్న మంచి అంకెలన్నీ కొట్టుకుపోతాయి, చివర ఉన్న తప్పు అంకెలే మిగులుతాయి. ఆ మిగిలినదాన్ని పట్టుకుని ప్రోగ్రాం లాగ్ కట్టింది.

మూడోది, చాలా చిన్న సంఖ్య. వెయ్యి కోట్లలో ఒక వంతు ఇద్దాం. ఇంత చిన్న సంఖ్యకు విలోమ సైన్ హెచ్ దాదాపు ఆ సంఖ్యే. కానీ ప్రోగ్రాం దాన్ని 1.00000008 రెట్లు చేసి చూపిస్తుంది. పదహారు అంకెలు సరిగ్గా ఇవ్వగలిగిన యంత్రం ఎనిమిదో చోటికే తడబడింది. ఇంకా చిన్నది, 10 ఘాతం −17 ఇస్తే జవాబు ఏకంగా సున్నా. బస్తా బియ్యం తూచే కాటా మీద చిటికెడు పసుపు వేస్తే ముల్లు కదులుతుందా? కదలదు. పసుపు లేదని కాదు, ఆ కాటాకు అది కనపడదు. 1కి అతి చిన్న సంఖ్యను కలిపినప్పుడు జరిగేది ఇదే.

నాలుగోది, 10 ఘాతం 200. అసలు జవాబు 461.21, అంటే మామూలు సంఖ్యే. కానీ ప్రోగ్రాం దారిలో దాన్ని వర్గం చేస్తుంది. అది 10 ఘాతం 400. డబుల్ మోయగలిగింది సుమారు 1.8 × 10 ఘాతం 308 వరకే. దారిలోనే బండి బోల్తా పడింది.

చూడండి, సూత్రంలో ఒక్క అక్షరం తప్పు లేదు. టైపు చేయడంలో తప్పు లేదు. కంపైలర్ ఒక్క ఎర్రర్ కూడా చూపించలేదు. అయినా జవాబు తప్పు. ఫార్ములా వేరు, లెక్క వేరు అని నేను అనేది ఇందుకే.

దీనికి మందు ఏమిటి? అది ఏ పెద్ద విశ్వవిద్యాలయంలోనో దాచిపెట్టిన రహస్యం కాదు. మొదటి రోగానికి మందు ఇంటర్ పుస్తకంలోనే ఉంది. విలోమ సైన్ హెచ్ బేసి ప్రమేయం. మైనస్ ఎక్స్‌కి జవాబు, ఎక్స్ జవాబుకి మైనస్. కాబట్టి గుర్తును పక్కన పెట్టి, ధన సంఖ్యకు లెక్క కట్టి, చివర గుర్తును తిరిగి తగిలిస్తే చాలు. అప్పుడు తీసివేతే ఉండదు.

చిన్న సంఖ్యల రోగానికి మందు తొమ్మిదో తరగతిలో ఉంది. హారాన్ని అకరణీయం చేయడం గుర్తుందా? సంయుగ్మంతో గుణించి భాగించడం. √(1 + ఎక్స్²) − 1 అనే దాన్ని అలా చేస్తే ఎక్స్² ÷ (1 + √(1 + ఎక్స్²)) అవుతుంది. తీసివేత పోయి కూడిక వచ్చింది. ఇప్పుడు లాగ్ లోపల ఉన్నదాన్ని 1 + (ఎక్స్ + ఎక్స్² ÷ (1 + √(1 + ఎక్స్²))) అని రాయవచ్చు. ఆ మొదటి 1ని మనం కలపకుండా, మిగతా భాగాన్ని మాత్రమే లాగ్ వన్ పీ అనే ఫంక్షన్‌కి ఇవ్వాలి. 1 కలిపిన సంఖ్యకు లాగ్‌ను, ఆ 1 కలపడంలో జరిగే నష్టం లేకుండా, ఇచ్చే ఫంక్షన్ అది. అదీ సి99తోనే వచ్చింది. పసుపు తూచడానికి కంసాలి త్రాసు దొరికినట్టన్న మాట.

పెద్ద సంఖ్యలకు ఇంకా సులువు. ఎక్స్ బాగా పెద్దదైతే √(ఎక్స్² + 1) దాదాపు ఎక్సే. అప్పుడు జవాబు లాగ్(2ఎక్స్), అంటే లాగ్ ఎక్స్ + లాగ్ 2. వర్గం చేసే పనే లేదు.

అన్నీ కలిపితే ప్రోగ్రాం ఇలా ఉంటుంది:

1. ఎక్స్ గుర్తును గుర్తుంచుకుని, పరమ మూల్యాన్ని టీ అనుకో.
2. టీ విలువ 2 ఘాతం 28 (అంటే 26,84,35,456) దాటితే, జవాబు లాగ్(టీ) + 0.6931471805599453.
3. దాటకపోతే, జవాబు లాగ్ వన్ పీ(టీ + టీ² ÷ (1 + √(1 + టీ²))).
4. ఎక్స్ రుణ సంఖ్య అయితే జవాబుకి మైనస్ తగిలించు.

నాలుగు మెట్లు, అంతే. సన్ మైక్రోసిస్టమ్స్ వారు 1993లో అందరికీ ఉచితంగా ఇచ్చిన గణిత లైబ్రరీలో ఉన్నది దాదాపు ఇదే. వాళ్ళు 2 దగ్గర ఇంకొక విభజన పెట్టారు, మరీ చిన్న సంఖ్య వస్తే దాన్నే జవాబుగా తిరిగి ఇచ్చేశారు. నేను ఆ ప్రోగ్రాం తెరిచి చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది, దాని కష్టం చూసి కాదు. ప్రపంచమంతా వాడుకున్న లైబ్రరీ లోపల మా ఊరి హైస్కూల్లో తెలుగు మీడియంలో నేర్చుకున్న అకరణీయమే కూర్చుని ఉంది!

మిగతా రెండూ ఇదే దారి. ఏకాస్‌హెచ్‌లో ఎక్స్ విలువ 1కి దగ్గరగా ఉంటే ఎక్స్² − 1 ప్రమాదం. అందుకని ముందు ఎక్స్ − 1ని టీ అనుకుని, లాగ్ వన్ పీ(టీ + √(2టీ + టీ²)) అని రాయాలి. ఏటాన్‌హెచ్‌కి సగం లాగ్ వన్ పీ(2ఎక్స్ ÷ (1 − ఎక్స్)). లాగ్ వన్ పీ లేని పాత కంపైలర్ వాడుతున్నారా? దానికీ ఉపాయం ఉంది. యూ = 1 + ఎక్స్ అనుకుని దాన్ని ఒక డబుల్ వేరియబుల్‌లో దాచాలి. యూ సరిగ్గా 1 అయితే జవాబు ఎక్స్. కాకపోతే జవాబు ఎక్స్ × లాగ్(యూ) ÷ (యూ − 1). పైన ఎంత నష్టం జరిగిందో కింద కూడా అంతే నష్టం జరిగి రెండూ చెల్లుకు చెల్లు అయిపోతాయి. 1991లో డేవిడ్ గోల్డ్‌బర్గ్ రాసిన ప్రసిద్ధ వ్యాసంలో దీనికి రుజువు ఉంది. ఈ ఫ్లోటింగ్ పాయింట్ లెక్కల ప్రమాణమైన ఐఈఈఈ 754కి 1985లో ప్రధాన రూపశిల్పి విలియం కహాన్. 1989లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. చిల్లర అంకెల గురించి పట్టించుకున్న మనిషికి కంప్యూటర్ రంగంలో అతి పెద్ద గౌరవం దక్కింది.

ఇప్పుడు మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. "అక్కా, లైబ్రరీలో ఫంక్షన్ ఉండగా ఇదంతా మనకెందుకు?" నిజమే, ఉన్నచోట లైబ్రరీ ఫంక్షనే వాడండి. నేనూ అదే వాడతాను. ఇంట్లో కుళాయి ఉండగా బావి తవ్వమని ఎవరూ చెప్పరు. కానీ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియని వాళ్ళు, నీళ్ళు రంగు మారిన రోజున ఏమీ చేయలేరు. రేపు ఉద్యోగంలో మీరు రాసే సూత్రాలన్నిటికీ లైబ్రరీలో ఫంక్షన్ ఉండదు. వడ్డీ లెక్క, విద్యుత్ లెక్క, మందు మోతాదు లెక్క మీరే రాయాలి. అక్కడా ఇదే తీసివేత, ఇదే మాయమయ్యే 1 ఎదురవుతాయి.

"ఎనిమిదో అంకె పోతే ఏం కొంప మునిగింది?" అని ఇంకొకరు అనవచ్చు. 1991 ఫిబ్రవరి 25న, గల్ఫ్ యుద్ధంలో, సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో అమెరికా వారి పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ ఎదురుగా వస్తున్న స్కడ్ క్షిపణిని అడ్డుకోలేకపోయింది. 28 మంది సైనికులు చనిపోయారు. కారణం, సెకనులో పదో వంతును ఆ కంప్యూటర్ 24 బిట్లలో కత్తిరించి దాచుకోవడం. 0.1 అనేది ద్విసంఖ్యా పద్ధతిలో ముగియని సంఖ్య. ఒక్కసారికి ఆ తేడా కంటికి ఆనదు. సుమారు 100 గంటలు ఆపకుండా నడిచేసరికి అది సెకనులో మూడో వంతు అయింది. ఆ లోపు క్షిపణి అర కిలోమీటరుకు పైగా దాటిపోతుంది. సూత్రం అక్కడా తప్పు కాదు.

మూడో మాట ఈ మధ్య ఎక్కువగా వింటున్నాను. "అడిగితే ప్రోగ్రాం రాసిచ్చే యంత్రాలు వచ్చాయి కదా, ఇంక నేర్చుకోవడం ఎందుకు?" రాసిచ్చింది సరైనదో కాదో చూడాల్సింది ఎవరు? మైనస్ కోటి ఇచ్చి పరీక్షించాలని తట్టేది ఎవరికి? అడిగే వాళ్ళకు ఆ జ్ఞానం ఉంటేనే ఆ యంత్రం పనిముట్టు, లేకపోతే అదే యజమాని.

నా బాధ అసలు ఇంతకంటే లోతైనది. మనలాంటి పిల్లలకు "ఇంత చాలు" అనే కొలత ఒకటి ఉంది. పాస్ అయితే చాలు, సర్టిఫికెట్ ఉంటే చాలు, ముఖ్యమైన ప్రశ్నలు పది బట్టీ పడితే చాలు. చెప్పేవాళ్ళు ప్రేమతోనే చెబుతారు. ఇంటి పరిస్థితి తెలిసి, త్వరగా ఉద్యోగం రావాలని చెబుతారు. కానీ ఆ "చాలు" మనల్ని ఎప్పుడూ ఫార్ములా దగ్గరే ఆపేస్తుంది. ఫార్ములా దాటి లోపలికి వెళ్ళే హక్కు వేరెవరిదో అన్నట్టు మనమే నమ్మేస్తాం.

మాది కూలి కుటుంబం. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసింది నేనే మొదట. నేను ఇంటర్ చదివే రోజుల్లో మా అమ్మ ఉపాధి హామీ పనికి వెళ్ళేది. తవ్విన మట్టిని కొలిచి, కొలతను బట్టి కూలి కట్టేవారు. పొడవు, వెడల్పు, లోతు గుణించాలి. లోతు ఒక్క చోట చూశారా, నాలుగు చోట్ల చూసి సగటు తీశారా అన్నదాన్ని బట్టి వచ్చే సంఖ్య మారుతుంది. అక్కడ కూడా ఫార్ములా అందరికీ ఒకటే. అమ్మకు అక్షరాలు రావు గానీ ఒక మాట అంటూ ఉండేది. "కొలత ఎవరికి తెలుసో కూలి వాళ్ళ చేతిలో ఉన్నట్టే" అని. నేను ఎం.ఎస్సీ.లో న్యూమరికల్ ఎనాలిసిస్ చదువుతుంటే ఆ మాటకు అర్థం ఇంకా పెరిగింది. ఈ కాలంలో స్కాలర్‌షిప్పూ, రేషనూ, పింఛనూ అన్నీ ఏదో ఒక ప్రోగ్రాం కొలిచే ఇస్తోంది. ఆ ప్రోగ్రాం లోపలికి చూడగల పిల్లలు మన ఇళ్ళల్లో కూడా ఉండాలి.

అందుకని ఉత్త మాటలతో ముగించకుండా మూడు ప్రతిపాదనలు మీ ముందు పెడుతున్నాను.

ఒకటి. మనం రికార్డులో రాసే ప్రతి ప్రోగ్రాంకీ ఒక్క అవుట్‌పుట్‌తో ఆగవద్దు. ఒక మామూలు సంఖ్య, ఒక రుణ సంఖ్య, ఒక అతి చిన్నది, ఒక అతి పెద్దది, ఇవ్వకూడనిది ఒకటి ఇచ్చి చూద్దాం. ఏకాస్‌హెచ్‌కి సగం ఇస్తే ఏమంటుంది? ఏటాన్‌హెచ్‌కి 1 ఇస్తే ఏమంటుంది? ప్రదేశం, వ్యాప్తి అని బట్టీ పట్టినవి అప్పుడు ప్రాణం పోసుకుంటాయి. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఖర్చూ లేదు.

రెండు. ఉద్యోగాల్లో ఉన్న అక్కలకు ఒక విన్నపం. మీ ఆఫీసుల్లో, ఇళ్ళల్లో పక్కన పడేసిన పాత కంప్యూటర్ ఏదైనా ఉంటే హాస్టల్‌కి ఇప్పించండి. లైనక్స్, జీసీసీ రెండూ ఉచితం, పాత యంత్రం మీద కూడా నడుస్తాయి. పైన చెప్పిన పరీక్షలన్నీ దాని మీద చేయవచ్చు. కంప్యూటర్ వచ్చేదాకా ఫోన్లో కంపైలర్ యాప్ ఉన్న వాళ్ళ దగ్గర కూర్చుందాం. అదీ లేకపోతే కాగితం మీద నాలుగు అంకెల వరకే దాచుకునే ఉత్తుత్తి కంప్యూటర్‌ని ఊహించుకుని లెక్క చేయండి. మైనస్ వందకే సూత్రం ఎలా కూలిపోతుందో కళ్ళారా చూస్తారు.

మూడు. నెలకొక ఆదివారం, స్టడీ అవర్లో ఒక గంట, ఒక లైబ్రరీ ఫంక్షన్‌ని తెరిచి తెలుగులో చదువుకుందాం. మొదటి గంట నేను తీసుకుంటాను. ఇంటర్ చెల్లెళ్ళు కూడా రావచ్చు, అకరణీయం తెలిస్తే సరిపోతుంది. ఇంగ్లీషు రాదని వెనక బెంచీలో కూర్చోకండి. వర్గమూలానికి మీడియం లేదు.

వచ్చే సంవత్సరం ఈ పాటికి నేను ఈ హాస్టల్లో ఉండను. నా మంచం, నా ట్రంకు పెట్టె చోటు ఇంకో చెల్లెలికి వస్తాయి. ఆ చెల్లెలు స్టడీ అవర్లో పక్కనున్న అమ్మాయిని "ఫార్ములా వచ్చా?" అని అడిగి ఊరుకోకుండా, "ఏ సంఖ్య ఇస్తే ఇది తప్పుతుంది?" అని కూడా అడగాలని నా కోరిక.

— ఎం.ఎస్సీ. (గణితం), ఫైనలియర్